దరఖాస్తులో రాయని పని

మా ప్రభుత్వ జూనియర్ కళాశాలలో మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసిన ఒక కుర్రవాడు రెండేళ్ల కిందట పట్నంలోని ఒక రక్తపరీక్షల కేంద్రానికి ఇంటర్వ్యూకు వెళ్లి, అయిదు నిమిషాల్లో బయటికి వచ్చాడు. తన గురించి చెప్పమన్నప్పుడు "మై సెల్ఫ్" అని మొదలుపెట్టి, బట్టీపట్టిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలు అప్పజెప్పి, అయిదో వాక్యం దగ్గర ఆగిపోయాడట. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి అదేమీ పట్టించుకోకుండా తెలుగులోకి దిగి, "ఎక్కడైనా పనిచేసిన అనుభవం ఉందా బాబూ?" అని అడిగితే, "లేదు సార్" అన్నాడు. ఆ తరవాత ఆయన అడగడానికీ, ఇతను చెప్పడానికీ ఏమీ మిగల్లేదు. మర్నాడు కళాశాలకు వచ్చి జరిగింది చెప్పి, "నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఉద్యోగం రాలేదు మేడమ్" అని తలదించుకున్నాడు. నా లెక్కలో మాత్రం ఆ ఉద్యోగం పోయింది "లేదు సార్" అన్న చోటే.

ఆ కుర్రవాడి తండ్రి ఊళ్లో పాల కేంద్రం నడుపుతాడు. తొమ్మిదో తరగతి నుంచి పొద్దున బడికి వెళ్లే ముందూ, సాయంత్రం బడి నుంచి వచ్చాకా ఆ బల్ల దగ్గర కూర్చునేది ఇతనే. పూటకు యాభై అరవైమంది పాలు పోస్తారు. ఒక్కొక్కరి పాలు కొలిచి, కలియదిప్పి, నమూనాను చిన్న సీసాలోకి తీసి, సీసా నంబరును పుస్తకంలో ఆ రైతు పేరుకు ఎదురుగా రాసుకుని, మిషన్‌లో వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో మిగిలిన ఘనపదార్థాల శాతం) చూసి, రేటు చార్టు ప్రకారం లెక్కకట్టి చీటీ ఇవ్వాలి. రెండు సీసాలు తారుమారైతే ఒకరి గేదె వెన్న ఇంకొకరి ఖాతాలో పడుతుంది. పదిరోజుల బిల్లు వచ్చిన నాడు కేంద్రం ముందు తగువు తప్పదు. నాలుగేళ్లలో అటువంటి తగువు ఎన్నిసార్లు వచ్చిందని అడిగితే, కాసేపు గుర్తుచేసుకుని, "మొదటి సంవత్సరం ఒకసారి వచ్చింది మేడమ్, అప్పటి నుంచి సీసా మూత పెట్టేముందే నంబరు పైకి చదివి రైతుకు వినిపిస్తున్నాను" అన్నాడు.

రక్తపరీక్షల కేంద్రంలో చేసే పని దీనికి ఎంత దగ్గరిదో ఆ వృత్తిలో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. మనిషి పేరడిగి నిర్ధారించుకోవడం, ట్యూబు మీద ఆ మనిషి ఎదుటే పేరు రాయడం, రిజిస్టరులో ఎక్కించడం, మిషన్ చూపిన అంకెను ఉన్నదున్నట్టు రాయడం, ఒకరి నమూనా ఇంకొకరిది కాకుండా కాపాడటం — ఇదే అక్కడి పనికి ప్రాణం. నంబరు పైకి చదివి వినిపించే అలవాటును పద్దెనిమిదేళ్లు నిండకముందే, ఎవరూ నేర్పకుండా, తన తప్పు నుంచి తానే నేర్చుకున్న పిల్లవాడు దొరికితే ఏ ల్యాబ్ యజమానైనా వదులుకుంటాడా? కానీ ఆ యజమానికి ఈ సంగతి తెలిసే అవకాశమే లేకపోయింది. ఎందుకు చెప్పలేదని అడిగితే, "అది ఇంటి పని కదా మేడమ్, ఉద్యోగం కాదు కదా" అన్నాడు.

ఆ జవాబు విన్నప్పటి నుంచి పదో తరగతి, ఇంటర్మీడియట్ పిల్లలను ఉద్యోగాలకు సిద్ధం చేయడం గురించి నా ఆలోచన మారింది. మనం సాధారణంగా "ఇంటర్వ్యూ శిక్షణ" పేరుతో చేసేది పిల్లవాడిలో లేనిదాన్ని పైనుంచి పూయడం: చొక్కా ఇస్త్రీ, నవ్వు ముఖం, కరచాలనం, కష్టపడే స్వభావం కలవాడినని చెప్పే రెండు ఇంగ్లీషు వాక్యాలు. పిల్లవాడిలో అప్పటికే ఉన్నదాన్ని బయటికి తీసి, అది చెప్పుకోదగినదేనని నమ్మకం కలిగించి, క్రమంగా చెప్పడం నేర్పడానికి మాత్రం మన బళ్లలో ఒక్క పీరియడు కూడా కేటాయించడం లేదు. ప్రభుత్వ బడికి, ప్రభుత్వ కళాశాలకు వచ్చే పిల్లల్లో పని తెలియనివాళ్లు నాకు దాదాపు తారసపడలేదు. సెలవుల్లో మిరపకాయల కోతకు వెళ్లి కూలీల హాజరు రాసిన అమ్మాయి ఉంది. మేనమామ మందుల షాపులో గడువు తీరిన మందులను వేరుచేసి పెట్టిన అబ్బాయి ఉన్నాడు. డ్వాక్రా సంఘంలో అమ్మకు చదువు రాకపోతే మూడేళ్లుగా సంఘం పుస్తకాలు రాస్తున్న పిల్ల ఉంది. ఈ ముగ్గురూ తమ రెజ్యూమేల్లో అనుభవం అన్న చోట "నిల్" అని రాశారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పిల్లల చేత పని చేయించడాన్ని నేను మెచ్చుకోవడం లేదు. పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరమనీ, పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్లలోపు వారిని గనుల్లో, పేలుడు పదార్థాల దగ్గర, ప్రమాదకర ప్రక్రియల్లో పెట్టకూడదనీ 2016లో సవరించిన చట్టం చెబుతోంది. బడి వేళలు అయ్యాక ఇంటివాళ్లకు ప్రమాదం లేని పనుల్లో సాయపడటాన్ని మాత్రం అనుమతిస్తోంది. ఆ హద్దును ప్రతి ఉపాధ్యాయుడూ పిల్లలకు చెప్పి తీరాలి. నేను అడుగుతున్నది ఒక్కటే: పేదరికం వల్లనో ఇంటి అవసరం వల్లనో పిల్లవాడు ఎలాగూ చేసిన పని, రేపు అతనికి అన్నం పెట్టే చోట లెక్కలోకి రాకుండా ఎందుకు పోవాలి?

పుస్తకాల్లో ఈ విషయం అసలు లేదని కాదు. ఇంటర్ రెండో సంవత్సరం ఇంగ్లీషులో రెజ్యూమే తయారుచేయమనే ప్రశ్న ఉంది. ఒక పత్రికా ప్రకటన ఇస్తారు, దానికి తగినట్టు వివరాలు రాయాలి. మా పిల్లలు దాన్ని ఎలా చదువుతారో దగ్గరి నుంచి చూశాను. గైడులో ఇచ్చిన ఒక కల్పిత వ్యక్తి పుట్టిన తేదీ, డిగ్రీ, అయిదేళ్ల అనుభవం, హాబీలు అన్నీ కంఠస్థం చేసి, పరీక్షలో ప్రకటన ఏదైనా సరే ఆ మనిషినే దింపేస్తారు. మార్కులు వస్తాయి. వాళ్లను తప్పుపట్టలేం; జవాబుపత్రంలో విద్యార్థి తన పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు రాయకూడదు కాబట్టి, తన గురించి రాయాల్సిన ఒకే ఒక్క ప్రశ్నలో తన గురించి రాసే వీలు లేదు. ఆ విధంగా పదిహేడేళ్ల పిల్లవాడు తన జీవితంలో రాసే మొదటి రెజ్యూమే వేరొకరిది అవుతోంది.

ఇంగ్లీషు గురించి కూడా నా అభిప్రాయం చెబుతాను, చాలామంది సహోద్యోగులు దీనితో ఏకీభవించరని తెలిసినా. ఇంగ్లీషు కావాలి, మందుల పేర్లు, మిషన్ మీది సూచనలు, కంపెనీ మెయిళ్లు అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నప్పుడు అది వద్దనడం పిల్లలకు ద్రోహం. అయితే తెలుగులో అయిదు వాక్యాలు వరసగా చెప్పలేనివాడికి ఇంగ్లీషులో అయిదు వాక్యాలు ఇచ్చి కంఠస్థం చేయించడం వల్ల భాష రాదు సరికదా, నోరు పూర్తిగా మూతపడుతుంది. మా దగ్గర మొదట తెలుగులోనే చెప్పిస్తాను. ఏం పని, ఎక్కడ, ఎన్నాళ్లు, రోజూ ముందు ఏం చేసేవాడివి, తరవాత ఏం చేసేవాడివి, ఎక్కడ తప్పు జరిగింది, జరిగాక ఏం మార్చుకున్నావు — ఈ వరస పట్టుబడితే, అదే వరసను చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టడానికి రెండు వారాలు చాలు. చెప్పాల్సిన సంగతి తన సొంతమైనప్పుడు పిల్లవాడు మాటల కోసం తడుముకుంటాడేమో గానీ ఆగిపోడు. పైగా పదో తరగతి, ఇంటర్ అర్హతతో ఇక్కడ దొరికే ఉద్యోగాల్లో చాలావాటికి ఇంటర్వ్యూ తెలుగులోనే జరుగుతుంది. బట్టల దుకాణంలోనో ఆసుపత్రి కౌంటర్‌లోనో పని ఇచ్చేవారికి ఊళ్లోంచి వచ్చిన ముసలావిడతో ఓపికగా మాట్లాడగలిగే మనిషి కావాలి.

ఇంటర్వ్యూ కంటే ముందు దరఖాస్తు ఉంది. పిల్లలు నష్టపోయేది ఎక్కువగా అక్కడే అని నా అనుభవం. కేంద్ర ప్రభుత్వం గ్రూప్ సి వంటి కింది స్థాయి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు తీసేసింది. గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికైతే రాతపరీక్ష కూడా లేదు. పదో తరగతి మార్కులే ప్రాతిపదిక. అటువంటి చోట దరఖాస్తే పరీక్ష, దరఖాస్తే ఇంటర్వ్యూ. మా పూర్వ విద్యార్థిని ఒకామె పద్దెనిమిది నిండగానే నెట్ సెంటర్‌కు వెళ్లి ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించుకుంది. అక్కడి కుర్రవాడు పని తొందరలో తన ఫోన్ నంబరు, తానే తెరిచిన ఒక మెయిల్ ఐడీ ఇచ్చేశాడు. ఎంపిక జాబితాలో ఆమె పేరు వచ్చింది, మెసేజ్ ఆ నంబరుకు వెళ్లింది, సర్టిఫికెట్ల పరిశీలనకు ఇచ్చిన గడువు దాటిపోయాక ఆమెకు తెలిసింది. ఆ అమ్మాయికి పదో తరగతిలో వచ్చిన మార్కులు, వాళ్లమ్మ ఆమెను చదివించడానికి పడిన శ్రమ, అన్నీ పది అంకెల దగ్గర వృథా అయ్యాయి. ఆ రోజు ఆమె మా స్టాఫ్ రూములో కూర్చుని ఏడుస్తుంటే, ఒక ఫారం నింపడం నేర్పలేని చదువు రెండేళ్లు చెప్పామా అని నాకు ఊపిరాడలేదు.

అప్పటి నుంచి మొదటి సంవత్సరంలోనే ప్రతి ఒక్కరి చేతా సొంత మెయిల్ ఐడీ తెరిపిస్తున్నాను. పాస్‌వర్డు ఇంట్లో ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచమంటున్నాను. ఫారం నెట్ సెంటర్‌లో నింపించుకున్నా సరే, చివరి బటన్ నొక్కే ముందు స్క్రీన్ మీద పేరు, పుట్టిన తేదీ, నంబరు తానే పైకి చదవాలని నియమం పెట్టాను. పాల సీసా నంబరు చదివిన పద్ధతే ఇది.

మన పేర్ల సంగతి వేరే చెప్పాలి. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక అక్షరమే ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివరికి పోతుంది. లక్ష్మి అన్న పేరుకు ఇంగ్లీషులో మూడు రకాల వర్ణక్రమాలు ఒకే ఇంట్లో చూశాను. ఆన్‌లైన్ ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు కనబడగానే పిల్లలు తలో రకంగా నింపుతారు. ఒక పీరియడులో మెమో, ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్లు బల్ల మీద పక్కపక్కనే పెట్టించి అక్షరం అక్షరం పోల్చమంటే, ముప్పైమంది ఉన్న తరగతిలో సగానికి పైగా ఏదో ఒక తేడా బయటపడింది. ఇది ఇంటర్‌లో చేయడం ఆలస్యమే. పదో తరగతి పరీక్షలకు నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితాలు) పంపేటప్పుడు పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ సరిచూసుకుంటే ప్రధానోపాధ్యాయుడి దగ్గరే దిద్దుబాటు అయిపోతుంది. మెమో అచ్చయి వచ్చాక అదే దిద్దుబాటు బడి నుంచి జిల్లా విద్యాశాఖాధికారికి, అక్కడి నుంచి ప్రభుత్వ పరీక్షల విభాగానికి వెళ్లాలి. ఆ తిరుగుడు కూలికి వెళ్లే తల్లిదండ్రుల వల్ల అయ్యే పని కాదు. కాబట్టి తొమ్మిదో తరగతి తెలుగు ఉపాధ్యాయులను నేను బతిమాలుకునేది ఇది: లేఖారచనలో సెలవు చీటీతో పాటు ఈ మూడు కాగితాల పరిశీలన కూడా ఒక పాఠంగా పెట్టండి.

నా మాటలకు వచ్చే అభ్యంతరాల్లో గట్టిది ఒకటుంది. దాన్ని చెప్పినవారు నాకంటే పెద్దవారు, పేద పిల్లల చదువు కోసం జీవితాన్ని ధారపోసినవారు. "డబ్బున్నవాళ్ల పిల్లలకు పదహారేళ్లకు ఎవరూ ఇంటర్వ్యూలు నేర్పరమ్మా, ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష నేర్పుతారు. మన పిల్లలకు మాత్రం ఉద్యోగం నేర్పితే, నువ్వు ఇంతవరకే అని మనమే గీత గీసినట్టు కాదా?" అని ఆయన అడిగారు. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. అందులో నిజం ఉంది. మా ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు వంటి వొకేషనల్ (వృత్తివిద్యా) కోర్సును తక్కువ మార్కుల పిల్లలను సర్దే చోటుగా చూసే కళాశాలలు ఉన్నాయి. ఇంటర్ కాగానే పిల్లలను బస్సు ఎక్కించి ఏదో ఒక ఫ్యాక్టరీకి పంపి, ఎంతమందికి ఉద్యోగాలిప్పించామో బోర్డు మీద రాసుకునే ధోరణి కూడా ఉంది. దానికి నేను వ్యతిరేకిని. వొకేషనల్ చదివినవారు బ్రిడ్జి కోర్సు (పైచదువు అర్హత కోసం అదనంగా రాసే పరీక్షలు) రాసి డిగ్రీకి వెళ్లవచ్చని మొదటి రోజే చెబుతాను; వెళ్లగలిగినవారిని వెళ్లమని పట్టుబడతాను.

అయినా ఆయనతో పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. డబ్బున్నవాళ్ల పిల్లలకు ఎవరూ నేర్పరన్నది పైకి కనబడే సంగతి మాత్రమే. భోజనాల బల్ల దగ్గర బాబాయి తన ఆఫీసు సంగతులు చెబుతుంటే, అక్క అమెరికా నుంచి ఫోన్లో తన ఇంటర్వ్యూ ఎలా జరిగిందో వివరిస్తుంటే, ఇంటికి వచ్చిన పెద్దవాళ్లు "ఏం చదువుతున్నావు, ఎందుకు?" అని అడిగి జవాబు పూర్తయ్యే దాకా వింటుంటే, ఆ పిల్లలు పదేళ్లుగా నేర్చుకుంటూనే ఉన్నారు. మా పిల్లల ఇంట్లో ఆ బల్ల లేదు. వాళ్లను పూర్తి వాక్యంలో మాట్లాడమని అడిగినవాళ్లు లేరు; "ఊ", "కాదు", "తెలీదు సార్" అన్న మూడు మాటలతో పన్నెండేళ్ల చదువు గడిచిపోతుంది. ఆ బల్ల బడిలో వేయకపోతే ఇంకెక్కడ వేస్తాం? పైగా దరఖాస్తు అన్నది ఉద్యోగానికే కాదు. ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీ సీటుకు, పాలిటెక్నిక్‌కు, వసతిగృహానికి, స్కాలర్‌షిప్పుకు అన్నిటికీ అదే ఫారం, అవే మూడు కాగితాలు, అదే ఫోన్ నంబరు. ఫారం నింపడం తెలిసిన పిల్లకు పైచదువు దారి కూడా తెరుచుకుంటుంది.

చదువుకూ ఉద్యోగానికీ నడుమ ఉన్న ఒక మెట్టు గురించి మా పిల్లలకు బొత్తిగా తెలియదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టంలోకి ఇంటర్ వొకేషనల్ చదివినవారిని 1986లోనే తీసుకువచ్చారు. నేర్చుకుంటూ స్టైపెండ్ తీసుకోవచ్చు. 2019లో సవరించిన నిబంధనల్లో కనీస స్టైపెండ్ పదో తరగతి పాసైనవారికి నెలకు 6,000 రూపాయలు, ఇంటర్ లేదా వొకేషనల్ చదివినవారికి 7,000 రూపాయలుగా పెట్టారు. పద్దెనిమిది నిండనివారి తరఫున ఒప్పందం మీద సంరక్షకుడు సంతకం చేయాలి. ఆ కాగితం ఏమిటో అర్థం చేసుకుని తండ్రికి చదివి వినిపించగలిగే స్థాయికి పిల్లను తీసుకురావడం ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో నేర్పడం కంటే ముఖ్యమని నా నమ్మకం.

జీతం మాట వచ్చేసరికి పిల్లలు సిగ్గుపడతారు. "ఎంత ఇచ్చినా ఫర్వాలేదు సార్" అనడం వినయమనుకుంటారు. అందుకే బోర్డు మీద లెక్క వేయిస్తాను. నెలకు 14,000 అన్నారనుకుందాం, మొత్తం మూలవేతనమే అనుకుందాం. ప్రావిడెంట్ ఫండ్‌కు 12 శాతం చొప్పున 1,680 పోతుంది, ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా)కి 0.75 శాతం చొప్పున 105 పోతుంది, చేతికి 12,215 వస్తుంది. యజమాని కూడా తన వాటా కట్టాలి. ఆ వాటాను కూడా జీతంలో కలిపి చెబుతున్నారా అన్నది అడగాలి. హాస్టలు, భోజనం ఖర్చు ఇందులోంచి పట్టుకుంటారా, నియామకపత్రం ఎప్పుడిస్తారు, అసలు సర్టిఫికెట్లు చూసి తిరిగి ఇచ్చేస్తారా, నకళ్లు చాలా — ఇవన్నీ మర్యాదగా అడగదగిన ప్రశ్నలేనని పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి. ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగినవాడి దగ్గర ఇక ఏ ప్రశ్నా అడగకుండా లేచి రావాలనీ చెప్పాలి.

అమ్మాయిల విషయంలో ఇంకొంచెం చెప్పాలి. అచ్యుతాపురం దుస్తుల పరిశ్రమలో, శ్రీసిటీ ఎలక్ట్రానిక్స్ కర్మాగారాల్లో, తడ దగ్గర బూట్ల తయారీలో వేలాదిమంది అమ్మాయిలు పనిచేస్తున్నారు. అక్కడికి వెళ్లిన మా పిల్లలను "పెళ్లెప్పుడు చేసుకుంటావు?", "రాత్రి షిఫ్టుకు ఇంట్లో ఒప్పుకుంటారా?" అని అడిగిన సందర్భాలు విన్నాను. మొదటి ప్రశ్నకు "ప్రస్తుతం పని నేర్చుకోవడం మీదే దృష్టి పెట్టాను సార్" అని చెప్పి ఆగవచ్చు. రెండోదానికి జవాబు ఇచ్చేముందు తిరిగి అడగాల్సింది ఉంది: రాత్రి షిఫ్టు ఎన్నింటికి అయిపోతుంది, ఆ వేళకు బస్సు ఉందా, అది హాస్టలు గుమ్మం దాకా వస్తుందా? ఒక అమ్మాయి ఈ మూడూ అడిగితే, ఇంటర్వ్యూ చేస్తున్నావిడ పెన్ను పక్కన పెట్టి బస్సు వేళలన్నీ ఓపికగా చెప్పిందట. ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. ఆమె తల్లి ఒప్పుకున్నదీ ఆ జవాబులు విన్నాకే.

నేను చేసిన ప్రయత్నాల్లో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది కుర్చీలు మార్చడం. శనివారం చివరి పీరియడులో పిల్లలను ఉద్యోగం ఇచ్చేవారి వైపు కూర్చోబెడతాను. పేర్లు తీసేసిన మూడు దరఖాస్తులు ఇచ్చి, మీకు ల్యాబ్ ఉందనుకోండి, వీరిలో ఒకరినే తీసుకోవాలి, ఎవరిని, ఎందుకు అని అడుగుతాను. మొదటిదాంట్లో ఇంగ్లీషు బ్రహ్మాండంగా ఉంటుంది, విషయం ఉండదు. రెండోదాంట్లో మార్కులు ఎక్కువ. మూడోదాంట్లో వంకర అక్షరాలతో తెలుగులో, "నాలుగేళ్లు పాల కేంద్రంలో పూటకు అరవై నమూనాలు తీసి నంబర్లు వేశాను, ఒకసారి తారుమారయ్యాయి, అప్పటి నుంచి నంబరు పైకి చదివి వేస్తున్నాను" అని ఉంటుంది. ఆ కుర్రవాడి అనుమతితోనే ఆ వాక్యం వాడుతున్నాను. రెండు బ్యాచ్‌లలోనూ పిల్లలు ఎక్కువమంది మూడోదాన్నే ఎంచుకున్నారు. ఒకమ్మాయి కారణం చెబుతూ, "వీడు తప్పు చేశానని రాశాడు మేడమ్, అంటే రేపు మన దగ్గర చేసినా దాచడు" అంది. ఆ పీరియడు అయ్యాక తమ రెజ్యూమేల్లో "నిల్" అని రాసినవాళ్లు వాటిని వెనక్కి తీసుకుని మళ్లీ రాసుకువచ్చారు.

బోర్డు పరీక్షలో సొంత పేరు రాయించలేమన్నది నాకు అర్థమవుతుంది. అయితే వొకేషనల్ విద్యార్థులకు ప్రాక్టికల్ రికార్డు ఉంది, దాని మీద పేరు ఉంటుంది, మార్కులూ ఉంటాయి. ఆ రికార్డు మొదటి రెండు పేజీల్లో విద్యార్థి సొంత రెజ్యూమే, తాను చేసిన ఒక పని గురించి ఒక పేజీ వివరణ ఉండాలని, బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ వైవాలో (నోటితో జవాబు చెప్పే పరీక్షలో) మొదటి ప్రశ్న ఆ పేజీ మీదే అడగాలని నేను కోరుతున్నాను. దీనికి కొత్త పుస్తకం గానీ, కొత్త నిధులు గానీ అక్కర్లేదు. మా కళాశాలలో ఈ ఏడాది ఆ రెండు పేజీలు మేమే చేర్చుకున్నాం. పాల కేంద్రం కుర్రవాడు ఇప్పుడు ఇంకో ఊళ్లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్నాడు. వచ్చే నెలలో ఒక శనివారం సెలవు పెట్టి వచ్చి మా బల్లకు అటువైపు కూర్చుంటానన్నాడు.